గోదావరి డెల్టాలో మిశ్రమ వంశాల చరిత్రను వెతికే పద్ధతి: అమ్మ పేరు దగ్గర మొదలుపెట్టండి

మా అమ్మమ్మ తల్లిని నరసాపురంలో అందరూ దొరసానమ్మ అని పిలిచేవారట. మనిషి తెల్లగా ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందని మా ఇంట్లో చాలాకాలం అనుకున్నాము. ఆమె తాత ధవళేశ్వరం ఆనకట్ట పనుల రోజుల్లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఇంగ్లీషువాడని తేల్చుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లలో ఆయన పూర్తి పేరు, హోదా, జీతం, మరణించిన తేదీ, సమాధి మీద చెక్కించిన వాక్యం ఒక్కొక్కటిగా దొరికాయి. ఆయనతో కాపురం చేసి, నలుగురు పిల్లలను కని, ఆయన పోయిన తరువాత వారిని పెంచి పెద్దచేసిన తెలుగు స్త్రీ పేరు మాత్రం బాప్తిస్మాల పుస్తకంలోనూ లేదు, సమాధి రాతి మీదా లేదు. పిల్లల పేర్ల పక్కన తల్లి అన్న చోట "స్వదేశీ స్త్రీ" అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి.

ఇటువంటి కుటుంబాలు కోనసీమలోనూ, కాకినాడ, రాజమండ్రి, పాలకొల్లు ప్రాంతాలలోనూ చాలా ఉన్నాయి. కొందరికి తమ వంశం తెలుసు, కొందరికి అనుమానం మాత్రమే ఉంది, మరికొందరి ఇళ్లలో ఆ మాట ఎత్తితే పెద్దలు లేచి వెళ్లిపోతారు. వెతకాలనుకునేవారికి నా అనుభవంలో పనికివచ్చిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను చేసిన పెద్ద పొరపాటు దొర దగ్గర మొదలుపెట్టడం. కాగితాలన్నీ ఆయనవే కాబట్టి పని సులభంగా సాగుతున్నట్టు కనిపిస్తుంది. చివరకు ఆయన జీవిత చరిత్ర తయారవుతుంది గానీ మన కుటుంబ చరిత్ర తయారు కాదు.

ఈ కుటుంబాలు ఎలా ఏర్పడ్డాయి

గోదావరి పాయల వెంట యూరపు కంపెనీలు కొఠీలు, అంటే వర్తక స్థావరాలు, పెట్టుకోవడానికి కారణం ఇక్కడి నేతబట్ట. పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, కాకినాడలోని జగన్నాథపురం డచ్చివారి స్థావరాలు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం, గౌతమి ఒడ్డున ఇంజరం, సముద్రం వైపు బెండమూర్లంక ఇంగ్లీషువారివి. యానాం ఫ్రెంచివారిది. మాధవాయపాలెంలో కొన్న నూలుబట్ట యూరపు బజారుల్లో "మడపోలం" అన్న పేరుతోనే అమ్ముడుపోయేది. ఈ కొఠీలకు వచ్చిన గుమాస్తాలు, సిపాయిలు, ఓడ వడ్రంగులు, సరంగులు దాదాపు అందరూ ఒంటరి మగవారు. ఆ ఓడల్లో స్త్రీలు వచ్చింది బహు తక్కువ.

ఈ సంబంధాల పట్ల కంపెనీల వైఖరి కాలాన్ని బట్టి మారింది. 1687లో ఇంగ్లీషు కంపెనీ డైరెక్టర్లు మద్రాసుకు రాసిన ఉత్తరంలో తమ సిపాయిలు స్థానిక స్త్రీలను పెళ్లాడటాన్ని ప్రోత్సహించమనీ, అలా పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లికి ఒక వరహా ఇవ్వమనీ సూచించారు. వందేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ ఆ బిడ్డలకు తలుపులు మూసింది. 1786లో కలకత్తా అనాథ పాఠశాలలోని మిశ్రమ సంతానాన్ని చదువుల కోసం ఇంగ్లండుకు పంపడాన్ని నిషేధించారు. 1791లో తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైనవారిని కంపెనీ ఉన్నతోద్యోగాలలోకి తీసుకోకూడదన్నారు. 1795లో సైన్యంలో వారికి బాకా, డప్పు వాయించేవారి స్థానాలు, గుర్రాలకు లాడాలు కొట్టే పని వంటివి మాత్రమే మిగిల్చారు. ఈ మూడు సంవత్సరాలను గుర్తుపెట్టుకోండి. మీరు వెతికే కుటుంబంలో తండ్రి ఆఫీసరు, కొడుకు కిందిస్థాయి గుమాస్తా, మనుమడు ఎక్కడా కనిపించకుండా పోవడం జరిగితే, దానికి కారణం వారి అసమర్థత అని అనుకునే ముందు ఈ ఉత్తర్వులను తలచుకోవాలి.

ఇంట్లో అడగవలసిన తీరు

పనిని ఇంట్లో బతికి ఉన్న అందరికంటే పెద్దావిడతో మొదలుపెట్టండి. మగవారికి ఉద్యోగాలూ ఆస్తులూ గుర్తుంటాయి. పురుళ్లూ, పేర్లూ, ఎవరు ఎవరింట పెరిగారన్నదీ ఆడవారికి గుర్తుంటాయి. అయితే "అమ్మమ్మా, మన వంశంలో తెల్లవాళ్లున్నారా?" అని నేరుగా అడిగితే "ఎవరు చెప్పారు నీకు?" అన్న ఎదురుప్రశ్న తప్ప మరేమీ రాదు. తరతరాలుగా ఆ మాట ఈ ఇళ్లలో తిట్టుగా వినిపించింది. పెళ్లి సంబంధాలు చెడిపోయాయి, బడిలో పిల్లలను ఏడిపించారు, అటు దొరల బంగళాలోనూ ఇటు ఊరి పెళ్లిపందిట్లోనూ వారిని ముందు వరుసలో కూర్చోబెట్టినవారు లేరు. ఆ గాయం మీద చేయి వేస్తున్నామని తెలిసి అడగాలి.

అందుకని చుట్టూ తిరిగి అడగండి. మీ అమ్మను చిన్నప్పుడు ఇంట్లో ఏమని పిలిచేవారు, పురుడు ఎక్కడ పోశారు, ఆదివారం ఏ గుడికి వెళ్లేవారు, ప్రార్థన ఏ భాషలో చెప్పుకునేవారు, పండగకు ఏం వండేవారు, మీ తాతగారిని ఏ సమాధుల తోటలో పెట్టారు, శుభకార్యానికి పిలవని చుట్టాలు ఎవరు. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే చాలాసార్లు అసలు కథ ఉంటుంది. ఒకే విడత రెండు గంటలు అడిగే బదులు, నాలుగు సాయంత్రాలు అరగంట చొప్పున కూర్చోండి. ఆమె అనుమతి తీసుకుని ఫోనులో మాటలు రికార్డు చేయండి, ఆ రాత్రే తేదీ వేసి కాగితం మీద రాసిపెట్టండి.

ఆ తరువాత ట్రంకుపెట్టెలు చూడండి. కుటుంబ బైబిలు ఉంటే దాని మొదటి పేజీల్లో పుట్టుకలు, మరణాలు రాసే అలవాటు చాలా కుటుంబాలలో ఉండేది. పాత ఫోటోల వెనుక స్టూడియో ముద్ర ఊరిని చెబుతుంది, అట్ట తీరు సుమారు కాలాన్ని చెబుతుంది. రైల్వే, టెలిగ్రాఫు, సముద్ర సుంకాల శాఖలలో చేసినవారి కాగితాలు ఉంటే ఒక్కటి కూడా పారవేయవద్దు. 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మొదలైన తరువాత ఈ మార్గం మీద పనిచేసిన డ్రైవర్లలో, గార్డులలో ఆంగ్లో ఇండియన్లు చాలామంది ఉన్నారు.

పేర్లూ ఊర్లూ కలిగించే చిక్కులు

పాత కాగితాలలో మన ఊళ్ల పేర్లు మనవిలా కనిపించవు. కాకినాడ కోకనాడ అవుతుంది, ఏలూరు ఎల్లోరు అవుతుంది, ఇంజరం ఇంగేరం అవుతుంది, యానాం ఫ్రెంచిలో యనాఓన్ అవుతుంది. జిల్లాలు కూడా మారుతూ వచ్చాయి. 1859కి ముందు రాజమండ్రి జిల్లా, ఆ తరువాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు, 2022 నుంచి కాకినాడ, కోనసీమ, ఏలూరు వంటి కొత్త జిల్లాలు. మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లా కింద ఉన్నదో ముందే ఒక కాగితం మీద రాసుకుంటే తప్పుడు దస్త్రాల కట్టలు విప్పే శ్రమ తగ్గుతుంది.

మన భాషలో కూడా ఆయా జాతులకు పాత పేర్లున్నాయి. పోర్చుగీసువారు బుడతకీచులు, ఫ్రెంచివారు పరాసులు, డచ్చివారు ఒలందాలు. నరసాపురంలో గోదావరి ఒడ్డున ఉన్న వలందర రేవు పేరు ఈ ఒలందా నుంచే వచ్చిందని అక్కడివారు చెబుతారు. తెలుగు దస్తావేజులలో, కైఫీయతులు అనే పాత గ్రామ చరిత్రలలో మీరు "డచ్చి" అన్న మాట కోసం వెతికితే దొరకదు, ఒలందా అన్న మాట కోసం చూడాలి. ఇంగ్లీషు కాగితాలలో తెలుగువారినీ తెలుగు భాషనూ "జెంటూ" అని రాసేవారు. కాబట్టి "జెంటూ స్త్రీ" అని ఉంటే ఆమె తెలుగింటి ఆడపడుచు అని అర్థం.

స్త్రీల పేర్లను ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాశాడు. ఆ అక్షరాలను కంటితో చదవకుండా నోటితో పైకి పలకండి. పౌపమా అని కనిపించేది పాపమ్మ కావచ్చు, లచ్మీ అని కనిపించేది లక్ష్మి కావచ్చు. బాప్తిస్మం తీసుకున్న తరువాత అదే మనిషి మరియా గానో అన్నా గానో మారి ఉంటుంది. రెండు పేర్లూ ఒకరివే అని నిరూపించే వరకు రెండింటినీ విడివిడిగా రాసి ఉంచండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పేరు దొరపేరులా ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఈ డెల్టాకు వచ్చి పాలకొల్లు, నరసాపురం కేంద్రాలుగా పనిచేసిన నాటి నుంచి, క్రైస్తవంలోకి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నాయి. అలాగే మన గోదావరి జిల్లాల్లో దొరబాబు అన్న పేరు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది, అది ముద్దుగా పెట్టుకున్న పేరే. నీలికళ్లు, పిల్లికళ్లు, తెల్లని మేను కూడా ఆధారాలు కావు.

చర్చి పుస్తకాలు

బాప్తిస్మం, వివాహం, ఖననం అనే మూడు పుస్తకాలు ప్రతి పాత చర్చిలోనూ ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల నుంచి వీటి నకళ్లు లండనుకు పంపేవారు. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలలో ఎన్/2 అనే వరుసలో ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైటులో వీటి చిత్రాలను డబ్బు చెల్లించి చూడవచ్చు. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ నిర్వహించే పట్టికలలో ఉచితంగా వెతకవచ్చు. ముందుగా ఉచిత పట్టికలో పేరు, సంవత్సరం, ఊరు చూసుకుని, ఆ తరువాతే డబ్బు కట్టి అసలు పేజీ తెరవడం మంచిది. పట్టికలో ఉన్న ఒక్క పంక్తితో ఎన్నడూ తృప్తిపడవద్దు. అసలు పేజీలో సాక్షుల పేర్లు, తండ్రి వృత్తి, అంచున రాసిన చిన్న గమనిక ఉంటాయి. ఆ అంచు గమనికలే నాకు రెండుసార్లు దారి చూపాయి.

పుస్తకం చదివేటప్పుడు కొన్ని సంగతులు గ్రహించాలి. చిన్న స్థావరాలలో పాదిరి నిలకడగా ఉండేవాడు కాదు. ఎప్పుడో ఒక చాప్లిన్ (కంపెనీ కొలువులోని పాదిరి) అటు వచ్చినప్పుడు నాలుగైదేళ్ల తేడాతో పుట్టిన అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఒకే రోజున బాప్తిస్మం ఇచ్చేవాడు. కనుక బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా రాయకండి. "సహజ సంతానం" అనే అర్థం గల ఇంగ్లీషు మాట కనిపిస్తే తల్లిదండ్రులకు చర్చి పెళ్లి కాలేదని మాత్రమే దాని భావం. వారు తెలుగు ఆచారం ప్రకారం ఒకటై ముప్ఫై ఏళ్లు కలిసి బతికి ఉండవచ్చు. ఒకే తండ్రి పేరుతో వరుసగా నలుగురు పిల్లలు ఉండి, అందరికీ తల్లి స్థానంలో "స్వదేశీ స్త్రీ" అని ఉంటే, ఆ నలుగురికీ తల్లి ఒకరేనని ఊహించుకోకూడదు.

ఊళ్లోని చర్చిలో అసలు పుస్తకం మిగిలి ఉంటే అది లండను నకలు కంటే విలువైనది, ఎందుకంటే నకలు రాసిన గుమాస్తా కొన్ని మాటలు వదిలేసేవాడు. ఒక చోట నన్ను పుస్తకాలు లేవని మూడుసార్లు తిప్పిపంపారు. నాలుగోసారి ఒక వృద్ధ సంఘపెద్ద బీరువా పైనుంచి గుడ్డలో చుట్టిన రెండు సంపుటాలు దించి చూపించారు. అర్జీ తెలుగులో రాసి, ఏ సంవత్సరాల మధ్య ఏ పేరు కావాలో స్పష్టంగా తెలిపి, పేజీలు మీరు ముట్టుకోకుండా వారినే తిప్పమని అడిగితే నమ్మకం కలుగుతుంది.

యానాం మార్గం

యానాంతో ఏ కొంచెం సంబంధం ఉన్నా ఆ దారిని ముందు పట్టుకోండి. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. అక్కడ జననం, వివాహం, మరణం చర్చితో నిమిత్తం లేకుండా ప్రభుత్వ అధికారి ఎదుట నమోదయ్యేవి. ఈ పౌర రిజిస్టర్ల చిత్రాలను ఫ్రాన్సులోని ఏక్స్‌-ఆన్‌-ప్రొవాన్స్ నగరంలో ఉన్న విదేశీ ప్రాంతాల జాతీయ అభిలేఖాగారం (ఆర్కైవ్స్) తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. దేశం పేరులో భారతదేశాన్ని, ఆ కింద యనాఓన్‌ను ఎంచుకుని, సంవత్సరం వారీగా తెరవాలి. ఇటీవలి దశాబ్దాలవి అక్కడ కనిపించవు, వాటికి యానాం కచేరీలోనే అర్జీ పెట్టుకోవాలి.

ఫ్రెంచి నమోదు ఒక పేరాలా ఉంటుంది. తేదీ, అధికారి పేరు, చెప్పడానికి వచ్చినవారి వయసు, వృత్తి, నివాసం, బిడ్డ పేరు, సాక్షులు, సంతకాలు అన్నీ వాక్యాలలో రాసి ఉంటాయి. అందులో తల్లికీ చోటు ఉంటుంది. పెళ్లి కాని తల్లి అయినా ఆమె పేరు, వయసు, ఆమె ఎవరి కూతురన్న సంగతి రాసినవి నేను చూశాను. ఇంగ్లీషు పుస్తకంలో రెండు మాటలతో చెరిపేసిన మనిషి ఫ్రెంచి పుస్తకంలో ఊరూ వయసూ ఉన్న మనిషిగా కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని మాటల్లో చెప్పలేను. "రెకొన్యు" అనే మాట ఉంటే తండ్రి ఆ బిడ్డను తన బిడ్డగా ఒప్పుకున్నాడని అర్థం. "తోపా" అని ఉంటే అది పోర్చుగీసు కాలం నుంచి వచ్చిన మిశ్రమ క్రైస్తవ సమూహానికి పెట్టిన పేరు.

ఫ్రెంచి రాకపోతే వెనకాడవలసిన అవసరం లేదు. వాక్యాల అచ్చు ప్రతిసారీ ఒకటే కాబట్టి పది నమోదులు చదివేసరికి ఏ మాట తరువాత ఏ వివరం వస్తుందో అలవాటవుతుంది. 1962 ఆగస్టు 16న యానాం చట్టరీత్యా భారతదేశంలో కలిసినప్పుడు అక్కడివారికి ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకోవడానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఒకే ఇంట్లో అన్న ఫ్రెంచి పౌరుడిగా, తమ్ముడు భారత పౌరుడిగా విడిపోవడానికి ఆ గడువే కారణం, కనుక ఆ తరం గురించి వెతికేటప్పుడు రెండు దేశాల కాగితాలూ చూడాలి.

డబ్బు కాగితాలలో తల్లి పేరు

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. పాదిరి పుస్తకానికి తల్లి పేరు అక్కర్లేకపోయినా, డబ్బు చేతులు మారాలంటే మాత్రం పేరు తప్పనిసరి. కంపెనీ ఉద్యోగుల వీలునామాలలో "నాతో ఉంటున్న ఫలానా స్త్రీకి నెలకు ఇన్ని రూపాయలు, ఆమె పిల్లలకు ఇంత" అని రాసినవి అనేకం ఉన్నాయి. మద్రాసు వీలునామాల నకళ్లు కూడా బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్త్రాలలోనే ఉన్నాయి. తండ్రి చనిపోయిన సంవత్సరం నుంచి మూడు నాలుగేళ్ల వరకు వెతకండి. వీలునామాతో పాటు ఆస్తి లెక్క కూడా ఉంటే అది తప్పక చదవాలి. ఇంటి సామాను వేలంలో ఎవరు ఏమి కొన్నారో చూస్తే ఆ ఇంటికి దగ్గరివారెవరో తెలుస్తుంది.

మా విషయంలో వీలునామా దొరకలేదు. సబ్‌రిజిస్ట్రారు కచేరీలో 1860ల నాటి ఒక ఇంటిస్థలం దస్తావేజు నకలు దొరికింది. అది తెలుగులో రాసిన క్రయచీటీ. కొన్నవారి స్థానంలో మా వంశపు ఆ తల్లి పేరు, ఆమె తండ్రి పేరు, ఆమె పుట్టిన లంకగ్రామం పేరు, కింద సంతకానికి బదులు ఆమె పెట్టిన నిశాని ఉన్నాయి. ఆ పేరు మా ఇంటిది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. దస్తావేజుల రిజిస్ట్రేషను మన ప్రాంతంలో 1865 నుంచి అమలులో ఉంది. కుటుంబం ఉన్న వీధి, ఇంటి హద్దులు పెద్దలను అడిగి తెలుసుకుని, ఊరి పేరు మీద సూచిక పట్టిక వెతికించి, సర్టిఫైడు నకలు కోసం రుసుము కట్టాలి. హద్దుల్లో "తూర్పు ఫలానా దొరగారి దొడ్డి" అన్న మాట వచ్చినా చాలు, మీరు సరైన వీధిలో ఉన్నట్టే.

సమాధులు చదవడం

పాలకొల్లు, నరసాపురం, జగన్నాథపురం ప్రాంతాల డచ్చి సమాధి రాళ్ల మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. అయినా 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేయించిన సమాధి శాసనాల పట్టికలో, అప్పటికి చదవగలిగిన వాటి పాఠం ఉంది. ముందు దానిని చూసి, తరువాత రాయి దగ్గరకు వెళ్లండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ ఫోటో తీస్తే అక్షరాల నీడలు లేచి కనిపిస్తాయి, లేదా ఒక అద్దంతో పక్కనుంచి వెలుగు పడేలా చేయవచ్చు. సుద్ద రాయడం, ఆమ్లం పోయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం ఎట్టి పరిస్థితులలోనూ చేయకండి. మంచినీళ్లు, మెత్తని బ్రష్షు చాలు.

డచ్చి శాసనంలో "గెబోరెన్" అంటే పుట్టిన చోటు చెబుతున్నారు, "హౌస్‌ఫ్రౌ వాన్" అంటే ఫలానా వారి భార్య, "డోఖ్టర్ వాన్" అంటే ఫలానా వారి కూతురు. భార్య పుట్టిన చోటు పులికాట్ అనో నాగపట్నం అనో పాలకొల్లు అనో ఉంటే ఆమె ఈ తీరంలోనే పుట్టిందని తెలుస్తుంది గానీ, ఆమె తల్లి ఎవరో అంతటితో తేలదు. డచ్చి కంపెనీ ఓడల్లో 18వ శతాబ్దంలో బయలుదేరిన ఉద్యోగుల జీతాల పుస్తకాల నుంచి తయారుచేసిన పేర్ల పట్టిక నెదర్లాండ్స్ జాతీయ అభిలేఖాగారం వద్ద ఉచితంగా దొరుకుతుంది. మనిషి ఏ ఊరివాడు, ఏ ఓడలో వచ్చాడు, ఎప్పుడు చనిపోయాడు అన్నవి అందులో ఉంటాయి. 1825లో డచ్చివారు ఈ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. వారి సంతానంలో చాలామంది ఇక్కడే ఉండిపోయి తరువాతి ఇంగ్లీషు పుస్తకాలలోకి ఎక్కారు.

చట్టం పెట్టిన పేర్లు

ఒకే కుటుంబం వంద సంవత్సరాలలో నాలుగు పేర్లతో కనిపించవచ్చు. 19వ శతాబ్దం తొలి సగంలో ఈస్ట్ ఇండియన్ లేదా ఇండో బ్రిటన్, తరువాత యురేషియన్, 1911 జనాభా లెక్కల నుంచి అధికారికంగా ఆంగ్లో ఇండియన్. అన్ని పేర్లతోనూ వెతకాలి. నేటి నిర్వచనం రాజ్యాంగం 366(2) అధికరణంలో ఉంది. తండ్రి గానీ, తండ్రి వైపు పురుష పూర్వికులలో ఎవరైనా గానీ యూరపు సంతతివారై, వ్యక్తి భారతదేశంలో స్థిరనివాసం గల తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టి ఉండాలి. యూరపు సంతతి అన్నారు కాబట్టి డచ్చి, ఫ్రెంచి, పోర్చుగీసు వంశాలవారూ ఇందులోకి వస్తారు. పురుష పరంపర అన్నారు కాబట్టి ఆంగ్లో ఇండియన్ తల్లికీ తెలుగు తండ్రికీ పుట్టిన బిడ్డ రాదు. మా దొరసానమ్మ సంతానమైన మేమెవరమూ చట్టం దృష్టిలో ఆంగ్లో ఇండియన్లము కాము. ఈ నిర్వచనం వల్ల ఎంతమంది లెక్కల్లోంచి జారిపోయారో ఆలోచిస్తే నాకు బాధ కలుగుతుంది.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఆంగ్లో ఇండియన్లు 296 మంది మాత్రమే ఉన్నారని 2019లో పార్లమెంటులో చెప్పారు. ఆ సంఖ్యను ఆ సమాజంవారు గట్టిగా ఖండించారు. లోక్‌సభకు ఇద్దరిని, శాసనసభకు ఒకరిని నామినేట్ చేసే ఏర్పాటు 104వ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆగిపోయింది. ఆంగ్లో ఇండియన్ అన్న ధ్రువపత్రం కోసం వెతికేవారికి పురుష పరంపర కాగితాలు కావాలి. చరిత్ర కోసం వెతికేవారు ఆ గీతకు కట్టుబడవలసిన పనిలేదు.

మనవారు వెళ్లిన చోట్ల

ఈ డెల్టాలో కొన్ని మిశ్రమ కుటుంబాలకు దొరలతో ఏ సంబంధమూ లేదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగం (బర్మా) వెళ్లినవారిలో కొందరు రంగూనులో బర్మా స్త్రీలతో కాపురాలు పెట్టారు. తెలుగువారిని అక్కడ కోరంగీలు అనేవారు, మిశ్రమ సంతానాన్ని కబ్యాలు అనేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, 1941 డిసెంబరులో పడిన బాంబులు, 1942లో కాలినడకన జరిగిన వలస ఆ కుటుంబాలను రెండుగా చీల్చాయి. తండ్రి ఒక బిడ్డను చంకనెత్తుకుని వచ్చి, తల్లినీ మిగతా పిల్లలనూ అక్కడే వదిలిన కథలు ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ వినవచ్చు. మీ ఇంట్లో "రంగం నుంచి వచ్చిన తాత" ఉంటే ఆయన తల్లి ఎవరని అడగండి. మారిషస్ వెళ్లినవారి విషయంలో అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. కొందరి ఫోటోలు కూడా వాటిలో ఉన్నాయి. కాకినాడ రేవు నుంచి 1843లో మారిషస్ వెళ్లిన ఓడ పేరే కోరింగా ప్యాకెట్.

రక్తపరీక్షల గురించి

డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. తరం మారినప్పుడల్లా ఒక పూర్వికుడి వాటా సగటున సగమవుతుంది. ఏడు తరాల వెనుకటి ఒక్క మనిషి వాటా నూట ఇరవై ఎనిమిదో వంతు, అంటే ఒక శాతం కంటే తక్కువ. కాబట్టి ఫలితంలో యూరపు కనిపించకపోయినా కాగితాలు అబద్ధమని కాదు. తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా పరీక్ష ఆ తల్లుల వరుస ఏ ప్రాంతానిదో సూచిస్తుంది గానీ పేరు చెప్పదు. ఇంట్లో పెద్దవారి నమూనా తీసుకునే ముందు, తెలియని అన్నదమ్ములు బయటపడే అవకాశం ఉందని వారికి స్పష్టంగా చెప్పి ఒప్పించాలి.

రాసిపెట్టడం

వంశవృక్షాన్ని మూలపురుషుడితో మొదలుపెట్టే అలవాటు మనకు ఉంది. ఈ కుటుంబాల విషయంలో పైన ఇద్దరినీ పక్కపక్కన రాయండి. పేరు తెలియని తల్లికి ఖాళీ గడి ఉంచి, అందులో పుస్తకంలో ఉన్న మాటను ఉన్నట్టుగా, పుస్తకం పేరు, పేజీ, తేదీతో సహా నమోదు చేయండి. ఊహించిన పేరు పెట్టకండి. వారి సంబంధాన్ని రాసేటప్పుడు "ఉంచుకున్నది", "సంకర సంతానం" వంటి మాటలు వాడకండి. అది ప్రేమ అనీ, బలవంతం అనీ కూడా ఆధారం లేకుండా రాయకండి. ఆమెకు ఎంత స్వేచ్ఛ ఉండేదో, ఆ రోజుల్లో కరువులోనో తుఫానులోనో ఆమె ఇంటివారికి ఏమి జరిగిందో తెలిసినంత మేరకు రాయండి. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన వంటి తేదీలను పక్కన పెట్టి చూస్తే కొన్ని ప్రయాణాలకు కారణం తెలుస్తుంది. బతికి ఉన్నవారి పేర్లు వారి అనుమతి లేకుండా బయటి ప్రతిలో చేర్చకండి.

పూర్తయిన ప్రతులను మూడు చోట్ల ఉంచండి. ఒకటి ఇంట్లో, ఒకటి ఊరు వదిలి వెళ్లిన బంధువుల దగ్గర, ఒకటి మీకు పుస్తకం చూపించిన చర్చిలో. మా ప్రతిని ఆ సంఘపెద్దగారికి ఇచ్చినప్పుడు ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీలో ఉన్న మా వంశపు తల్లి పేరు పైకి చదివి, బీరువా తాళం తీసి, ఆ రెండు సంపుటాలతో పాటు అదే గుడ్డలో చుట్టి పెట్టారు.